సొరచేప నీడ

మదనపల్లె, పుంగనూరు, కుప్పం - ఈ మూడు ఊళ్ళకూ సముద్రంతో ఎట్టి సంబంధమూ లేదు. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. పుంగనూరు, కుప్పం కూడా ఆ పీఠభూమి మీదివే. బంగాళాఖాతపు అలను కంటితో చూడాలంటే కనుమలు దిగి రెండువందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాలి. అయినా మా సీమలో 'సముద్రం' అనే మాటకు మాత్రం కొదవ లేదు. పుంగనూరుకు చేరువలో రామసముద్రం ఉన్నది. కుప్పం ప్రాంతంలో పరమసముద్రం ఉన్నది. కొంచెం ఉత్తరంగా పోతే అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం. వాన కరవైన నేలలో పూర్వులు చెమటోడ్చి చెరువులు తవ్వించారు. అవి నిండిననాడు గట్టు మీద నిలబడి, అవతలి ఒడ్డు ఆనక, ఆ నీటికి సముద్రమని పేరు పెట్టుకున్నారు. తరగతిలో అతిశయోక్తి అలంకారం బోధించవలసి వచ్చినప్పుడల్లా నాకు ముందుగా ఈ ఊళ్ళ పేర్లే గుర్తుకు వస్తాయి.

అటువంటి సీమలో పుట్టి, అక్కడే చదివి, అక్కడే ఉద్యోగం చేస్తున్న నాకు నలభై ఏళ్ళుగా సొరచేప అంటే భయం. వినేవారికి ఇది నవ్వు పుట్టించే సంగతి. పులి భయమంటే హార్స్‌లీ కొండల వైపు చూపవచ్చు. పాము భయమంటే వేరుశనగ చేను చాలు. సొరచేపకూ పుంగనూరుకూ ఏమి పొత్తు? పొట్టి ఆవులకు పేరుమోసిన ఊరి నుండి వచ్చినవాడు సముద్రపు చేపకు జడుస్తాడంటే ఎవరు నమ్ముతారు? అందుకే చాలాకాలం ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. భయాలలో రెండు రకాలున్నాయి. నలుగురికీ ఉన్న భయాన్ని నలుగురితో పంచుకోవచ్చు. తనకొక్కడికే ఉన్న భయాన్ని మాత్రం దొంగసొత్తులా దాచుకోవలసి వస్తుంది.

నా బాల్యంలో మాకు ఈత నేర్పిన గురువు మా చిన్నాయన. పుంగనూరు శివారులో మాకొక దిగుడు బావి ఉండేది. మా వైపు దానిని 'బాయి' అంటారు. రాతి కట్టడం, ఒక పక్క మెట్లు, ఒక పక్క ఒకప్పుడు కపిల తోలిన దారి, గట్టున కానుగ చెట్టు. వేసవి సెలవులలో ఊరి పిల్లలందరూ అక్కడ చేరేవారు. ఎండిన సొరకాయ బుర్రలను తాటితో నడుముకు కట్టి చిన్నాయన మమ్మల్ని నీళ్ళలోకి తోసేవాడు. సొరబుర్ర దొరకనివారికి ఎండిన కిత్తనార బెండు. నాలుగు రోజులు గడిచాక మనకు తెలియకుండానే ఒక బుర్ర విప్పేసేవాడు. ఇంకో రెండు రోజులకు రెండవది. ఏడవనాటికి ఏ ఆధారమూ లేకుండా తేలుతున్నామని మనకే ఆశ్చర్యంగా తెలిసివచ్చేది. నేను తొమ్మిదవ ఏట ఈత నేర్చుకున్నాను. మెట్ల మీది నుండి దూకి అడుగున ఉన్న ఇసుకను పిడికిట తెచ్చి చూపిన రోజులు కూడా ఉన్నాయి. తెలుగులో కూరగాయ సొరకు, సముద్రపు సొరకు ఒకే పేరు ఎందుకు వచ్చినదో భాషావేత్తలు చెప్పాలి. నాకు మాత్రం ఒక సొర ఈత నేర్పింది, రెండవ సొర ఆ ఈతను లాగివేసుకుంది.

1985 ప్రాంతంలో నేను మదనపల్లెలో ఇంటర్మీడియట్ చదువుతూ ఉండేవాడిని. ఆ రోజులలో విద్యార్థులందరూ తలా రెండు రూపాయలు వేసుకొని టీవీని, వీసీఆర్‌ను అద్దెకు తెచ్చి రాత్రంతా సినిమాలు చూడటం ఒక వేడుక. అటువంటి ఒక రాత్రి, మూడవ సినిమాగా, 'జాస్' వేశారు. పీటర్ బెంచ్‌లీ 1974లో వ్రాసిన నవలను ఆధారం చేసుకొని స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1975లో తీసిన చిత్రమది. అందులోని ఆంగ్లం మాలో ఎవరికీ సరిగా అర్థం కాలేదు. అర్థం కావలసిన అవసరమూ లేకపోయింది. చీకటి నీటిలో ఒక యువతి ఈదుతూ ఉంటుంది. కెమెరా నీటి అడుగు నుండి పైకి చూస్తుంది. రెండే రెండు స్వరాల సంగీతం మెల్లగా మొదలై వేగం పుంజుకుంటుంది. చిత్రంలో చాలాసేపు సొరచేప కనిపించదు. చిత్రీకరణ కోసం తయారుచేసిన యంత్రపు సొర ఉప్పునీటిలో తరచూ చెడిపోవడం వల్ల దర్శకుడు దానిని చూపకుండానే కథ నడపవలసి వచ్చిందని తరువాత చదివాను. యంత్రం సరిగా పనిచేసి ఉంటే నా జీవితం మరొక విధంగా ఉండేదేమో!

ఆ వేసవిలో ఇంటికి వెళ్ళి ఎప్పటిలాగే బావిలోకి దూకాను. పైకి తేలి, ఊపిరి పీల్చుకొని, కిందికి చూశాను. మోకాళ్ళ వరకు నీళ్ళు పచ్చగా ఉన్నాయి. పాదాల దగ్గర ముదురు పచ్చ. ఆ కింద నలుపు. ఆ నలుపులో ఏదో కదిలినట్లు తోచింది. కానుగ కొమ్మ నీడ అని బుద్ధి చెబుతూనే ఉన్నది. కాళ్ళు వినలేదు. నాలుగు బారలలో మెట్లెక్కి గట్టుకు చేరి, చొక్కా తడిగానే తొడుక్కున్నాను. గట్టు మీద కూర్చుని ఉన్న చిన్నాయన నన్ను ఎగాదిగా చూసి, "ఏమిరా అబ్బోడా, నీళ్ళలో పామేమైనా కనపడిందా?" అన్నాడు. "ల్యా చిన్నాయనా, చలి" అన్నాను. మే నెల మిట్టమధ్యాహ్నం చలి అన్న నా మాటకు ఆయన మారుమాట్లాడలేదు. కానుగ నీడలోకి కొంచెం జరిగి నాకు చోటిచ్చాడు. అంతే. ఆ తరువాత ఎన్నడూ దాని గురించి అడగలేదు.

పుంగనూరు బావిలో సొరచేప ఉండదని నాకు తెలియదా? తెలుసు. ఈ భయంలోని విచిత్రమంతా అక్కడే ఉన్నది. సొరచేప భయాన్ని మనస్తత్వ శాస్త్రజ్ఞులు 'గేలియోఫోబియా' అంటారు. సముద్రం ముఖమెరుగనివారు, ఈత కొలనులలో సైతం, అడుగున ఏదో పొంచి ఉన్నట్లు భావించి ఒడ్డుకు పరుగెత్తుతారని చదివినప్పుడు నాకు ఎంతో ఊరట కలిగింది. ప్రపంచంలో నావంటివారు వేరే కూడా ఉన్నారన్నమాట. అయితే దీనికి మన పూర్వుల దగ్గర ఇంతకంటె మంచి వర్ణన ఉన్నదని నా అభిప్రాయం. హనుమంతుడు సముద్రాన్ని దాటేటప్పుడు మైనాకుడు విశ్రాంతి ఇవ్వబోయాడు, సురస నోరు తెరిచి అడ్డగించింది. ఆ రెండూ ఎదుట నిలిచినవి. మూడవది సింహిక. అది ఆకాశాన పోయేవాని దేహాన్ని ముట్టుకోదు. నీటి మీద పడిన వాని నీడను పట్టి లాగుతుంది. పైన ఎగిరేవానికి ఏమి జరుగుతున్నదో తెలియదు. తన వేగం ఎందుకు తగ్గిందో అర్థం కాదు. ఆ రాక్షసిని కల్పించిన కవికి మనిషి భయం ఎక్కడ పట్టు చిక్కించుకుంటుందో బాగా తెలుసు.

సముద్రాన్ని నేను మొదటిసారి చూసింది డిగ్రీ విహారయాత్రలో, చెన్నై మెరీనాలో. తోటివారు మోకాలి లోతుకు, నడుము లోతుకు దిగి కేరింతలు కొడుతూ ఉన్నారు. నేను చెప్పులు చేతపట్టుకొని తడి ఇసుక అంచున నిలబడ్డాను. అల వెనుకకు మళ్ళినప్పుడల్లా పాదాల కింది ఇసుక జారిపోతున్నది. నా కన్నులు మాత్రం దూరాన నీటి మీద త్రికోణాకారపు రెక్క కోసం వెతుకుతున్నాయి. అక్కడ ఒడ్డున స్నానం చేయరాదని హెచ్చరిక బోర్డు ఉన్నది. ఆ బోర్డు సొరచేపల గురించి కాదు, కెరటాల గురించి. అప్పటికి నాకు ఆ తేడా తెలియదు.

భయం మనిషిని రెండు దారులలో ఒకదానికి నెడుతుంది. కొందరు ఆ వస్తువు పేరెత్తరు. కొందరు దానిని గురించి దొరికిన ప్రతి కాగితమూ చదువుతారు. నేను రెండవ కోవకు చెందినవాడిని. సొరచేపలు భూమి మీద 40 కోట్ల సంవత్సరాలకు పూర్వమే ఉన్నాయి. అంటే చెట్లకంటె పాతవి. వాటిలో 500కు పైగా జాతులున్నాయి. వాటి ఒంట్లో ఎముక లేదు, అంతా మృదులాస్థి. ముట్టెపై ఉన్న సన్నని రంధ్రాల ద్వారా ఇతర ప్రాణుల కండరాల నుండి వెలువడే అతి స్వల్పమైన విద్యుత్తును సైతం పసిగట్టగలవు. అన్నిటికంటె పెద్దదైన తిమింగల సొర మనిషి జోలికే రాదు. నోరు తెరుచుకొని నీటిని వడగట్టి అందులోని సూక్ష్మజీవులను, చిన్న చేపలను తిని బ్రతుకుతుంది. మన దేశంలో 2001 నుండి దానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పులితో సమానమైన రక్షణ ఉన్నది. 2021 డిసెంబరులో విశాఖ సమీపంలోని తంతడి తీరానికి అటువంటి సొర ఒకటి వచ్చి చిక్కుకుంటే, మత్స్యకారులు, అటవీశాఖవారు కలిసి దానిని తిరిగి లోతునీటిలోకి సాగనంపారు.

ఇక అంకెలు. ప్రపంచమంతటా కలిపి, ఏ రెచ్చగొట్టడమూ లేకుండా సొరచేపలు మనుషులను కరిచే ఘటనలు ఏడాదికి సగటున 60-70 ఉంటాయి. వాటిలో మరణాలు సగటున ఆరు. మనుషుల చేతిలో చచ్చే సొరచేపల సంఖ్య ఏటా దాదాపు 10 కోట్లని 2013లో శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. నవల వ్రాసి లోకాన్ని భయపెట్టిన బెంచ్‌లీయే ఆ తరువాత సొరచేపల రక్షణకోసం ఊరూరా ప్రసంగిస్తూ తన శేషజీవితం గడిపాడు. ఇవన్నీ నాకు కంఠోపాఠమే. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అయినా లోతునీటిలో కాలు పెట్టగానే ఆ అంకెలు ఒడ్డునే ఉండిపోతాయి. జ్ఞానం భయాన్ని పారద్రోలుతుందని పెద్దలు అంటారు. నా అనుభవంలో అది భయం పక్కన కుర్చీ వేసుకొని కూర్చుంటుంది. ఆ తోడు కూడా తక్కువదేమీ కాదు.

మరొక అంకె ఉన్నది. దానిని నేను చాలాకాలం పట్టించుకోలేదు. 2021వ సంవత్సరంలో ప్రపంచంలో నీట మునిగి చనిపోయినవారు దాదాపు 3 లక్షలమంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వారిలో నాలుగోవంతుకు దగ్గరగా ఐదేళ్ళలోపు పసివారు. ఈ మరణాలలో అధికభాగం మహాసముద్రాలలో జరిగినవి కావు. వాగులలో, కుంటలలో, బావులలో, ఇంటిముందు తవ్విన గుంతలలో జరిగినవి. ఆరుకూ, మూడు లక్షలకూ మధ్యనున్న దూరాన్ని నాకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. మా చెరువే చెప్పింది.

దానికి ముందు ఒక సంగతి చెప్పాలి. నా తరువాతి తరానికి మా సీమలో ఈత రాదు. ఇందులో పిల్లల సోమరితనమేమీ లేదు. 1990ల తరువాత వానలు తగ్గి, బోరుబావులు పెరిగి, భూగర్భజలం కిందికి, ఇంకా కిందికి దిగిపోయింది. వెయ్యి అడుగుల లోతుకు తవ్వినా నీటిచుక్క రాని బోర్లు మా మండలాలలో ఎన్నో ఉన్నాయి. దిగుడు బావులన్నీ ఎండి, వాటిలో కంపచెట్లు మొలిచాయి. మా బావిలోనూ మొలిచాయి. బావి లేనిచోట ఈత ఎక్కడ నేర్చుకుంటారు? నీళ్ళే లేని ఊరిలో ఈత దేనికని ఎవరికి తోస్తుంది? ఎండిన చెరువులలో గట్టిపడిన మట్టిని యంత్రాలతో తవ్వి ఇటుక బట్టీలకు, ఇళ్ళ పునాదులకు తరలించుకుపోయారు. చెరువు నేలంతా నిలువెత్తు గోతులు మిగిలాయి. ఎండినప్పుడు వాటిలో పిల్లలు క్రికెట్ ఆడుకొనేవారు.

2020 నవంబరులో, మళ్ళీ 2021 నవంబరులో వానలు విరగబడ్డాయి. ఎన్నో ఏళ్ళుగా ఇసుక తప్ప మరేమీ కనిపించని బాహుదా నది మదనపల్లె మీదుగా ఉరకలెత్తింది. బాహుదా, పింఛా కలిసి ఏర్పడే చెయ్యేటి మీది అన్నమయ్య జలాశయపు మట్టికట్ట 2021 నవంబరు 19న తెగి, దిగువ పల్లెలలో పదులమంది ప్రాణాలు పోయాయి. మా వైపు చెరువులు నిండి మరవలు పారాయి. జనం బండ్లు కట్టుకొని వచ్చి చూశారు. గంగమ్మకు పసుపు కుంకుమలు వేశారు. ముసలివాళ్ళు కట్ట మీద కూర్చుని కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ సంబరం నడుమనే, కుప్పానికి సమీపంలోని ఒక చెరువులో నా విద్యార్థి ఒకడు చనిపోయాడు.

అతడు రెండవ సంవత్సరం చదువుతున్నాడు. మూడవ బెంచీలో గోడవైపు కూర్చునేవాడు. సెలవురోజు తమ్ముడితో కలిసి నీళ్ళు చూడబోయాడు. తమ్ముడు మోకాలి లోతులో ఆడుతూ ఒక్క అడుగు ముందుకు వేశాడు. ఆ అడుగు కింద మట్టి తవ్విన గొయ్యి ఉన్నది. పైన నీరు సమంగా, నిండుగా, అద్దంలా ఉంటుంది. ఎక్కడ మోకాలి లోతో, ఎక్కడ నిలువు లోతో చూసేవారికి తెలియదు. ఈతరాని అన్న తమ్ముడి కోసం దిగాడు. తమ్ముడిని తోసి ఒడ్డువైపు అందించగలిగాడు. గొర్రెలు కాచుకొంటున్న ఒకాయన తన తలగుడ్డ విసిరి ఆ పిల్లవాణ్ణి లాగాడు. గుడ్డ రెండోసారి విసిరేసరికి అన్న పైకి రాలేదు. ఆ సాయంత్రం నేను కట్ట మీద నిలబడి ఉన్నాను. చెరువు ప్రశాంతంగా ఉన్నది. నలభై ఏళ్ళుగా నా భయానికి ఒక రూపం ఉన్నది. దానికి కోరలున్నాయి, తోక ఉన్నది, సంగీతం కూడా ఉన్నది. ఆ చెరువుకు ఏ రూపమూ లేదు. మరునాడు తరగతిలో హాజరు పిలుస్తూ అతని సంఖ్య దగ్గర ఆగి, దానిని దాటి, తరువాతి సంఖ్య పిలిచాను. ఆ తరువాతి విద్యార్థి పలకడానికి చాలాసేపు పట్టింది.

మా అమ్మాయి విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నది. పీఠభూమిలో పుట్టిన పిల్ల సముద్రపు ఒడ్డున ఇల్లు తీసుకున్నదని తెలిసినప్పుడు నాకు ఒక నెల నిద్ర సరిగా పట్టలేదు. ఆమె అక్కడ కొలనులో ఈత నేర్చుకున్నది. తరువాత సముద్రంలో ఈదటం మొదలుపెట్టింది. వారం వారం ఫోనులో చెప్పేది. నేను "జాగ్రత్త తల్లీ" అనేవాడిని. ఆ రెండు మాటలలో ఎంత ఉన్నదో ఆమెకు తెలుసునని నా నమ్మకం. ఒకసారి నన్ను భీమిలికి తీసుకువెళ్ళింది. తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు చేరే వేళ. గంపల్లో వంజరాలు, చందువలు, కానగంతల నడుమ మూరెడు పొడవున బూడిదరంగు చేపలు నాలుగు కనిపించాయి. చూడగానే గుర్తుపట్టాను. ఆ ముట్టె, ఆ మొప్ప, ఆ అర్ధచంద్రాకారపు నోరు. "పాలసొర బావూ! బాలింతలకి పెడితే పాలు పడతాయి. తీసుకెళ్ళండి" అన్నది గంప ముందున్న ఆమె. నలభై ఏళ్ళు నా నిద్రను కొరికిన జాతి అక్కడ పసిపిల్లల తల్లులకు పథ్యమై కూర్చున్నది! ఆమె అనుమతితో ఒక చేపను తాకి చూశాను. తలనుండి తోకవైపు నిమిరితే నునుపు. తోకనుండి తలవైపు నిమిరితే గరుకు కాగితం. దాని చర్మమంతా సూక్ష్మమైన పళ్ళవంటి పొలుసులే. అమ్మాయి నా ముఖం చూసి నవ్వు ఆపుకున్నది. కొనలేదు. కొనగలిగేంత ధైర్యం ఇంకా రాలేదు.

ఆ మధ్యాహ్నం అమ్మాయి నాకు గోలి శ్యామలగారి గురించి చెప్పింది. సామర్లకోటకు చెందిన ఈమె నలభై దాటిన తరువాత ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంక నుండి మన తీరానికి పాక్ జలసంధిని, దాదాపు 30 కిలోమీటర్లు, ఈది దాటారు. 1966లో మిహిర్ సేన్ ఆ జలసంధిని ఈదినప్పుడు అందులోని సొరచేపలను, సముద్ర సర్పాలను గురించి పత్రికలు కథలు కథలుగా వ్రాశాయి. 2024 డిసెంబరు 28న శ్యామలగారు విశాఖ ఆర్.కె. బీచ్ నుండి బయలుదేరి, రోజుకు దాదాపు 30 కిలోమీటర్ల వంతున ఈదుతూ, 2025 జనవరి మొదటివారంలో కాకినాడ తీరం చేరారు. మొత్తం 150 కిలోమీటర్లు. అప్పటికి ఆమెకు 52 ఏళ్ళు. "నీకంటే చిన్నదే నాన్నా, కానీ పెద్ద తేడా ఏమీ లేదు" అన్నది మా అమ్మాయి. పిల్లలు మనల్ని ప్రోత్సహించే తీరు ఇలాగే ఉంటుంది.

మరునాడు ఉదయం నేను సముద్రంలోకి దిగాను. పక్కన అమ్మాయి, ఒడ్డున ఆమెకు ఈత నేర్పిన శిక్షకుడు. దిగే ముందు ఆయన సొరచేపల మాట ఎత్తలేదు. సముద్రం వెనుకకు లాగే ప్రవాహం గురించి చెప్పాడు. అలలు విరిగే వరుస మధ్యలో ఒకచోట నీరు నెమ్మదిగా, నునుపుగా కనిపిస్తే అది మంచి చోటని దిగరాదట. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అదే. అందులో చిక్కితే ఒడ్డువైపు ఎదురీది అలసిపోకూడదు. ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈది, ఆ దారి నుండి బయటపడిన తరువాతనే ఒడ్డువైపు మళ్ళాలి. అలసిపోతే వెల్లకిలా తేలాలి. నేను తలూపుతూ వింటున్నాను. మెరీనాలోని బోర్డు అర్థం నాకు అప్పుడు తెలిసింది.

ఛాతీ లోతులో కాళ్ళు నేలను వదిలాయి. శరీరం ఈతను మరచిపోలేదు. చిన్నాయన కట్టిన సొరబుర్రలు ఎక్కడో ఇంకా నడుముకు ఉన్నట్లే ఉన్నది. ఇరవై బారలు, ఒడ్డుకు సమాంతరంగా. పదమూడవ బార దగ్గర కిందికి చూశాను. చూడకుండా ఉండటం నా వల్ల కాదు. ఒక నల్లని ఆకారం నా కిందనే, నాతోపాటే కదులుతున్నది. గుండె గొంతులోకి వచ్చింది. చేయి ఆపాను, అదీ ఆగింది. చేయి చాచాను, అదీ చాచింది. వీపున ఎండ చురుక్కుమంటున్నది. మిగిలిన ఏడు బారలూ పూర్తి చేసి ఒడ్డుకు వచ్చి ఇసుకలో కూలబడ్డాను. కాళ్ళు అరగంటసేపు వణికాయి. "ఎట్లుంది నాన్నా?" అన్నది అమ్మాయి. "ఉప్పగా ఉంది" అన్నాను.

భయం పోయిందా అని మిత్రులు అడుగుతారు. పోలేదు. ఆ రాత్రి కూడా నాకు పాత కలే వచ్చింది. మనస్తత్వ నిపుణులు ఇటువంటి భయాలకు మెట్లు మెట్లుగా అలవాటు చేసే చికిత్స ఉన్నదంటారు. మొదట బొమ్మ, తరువాత కొలను, తరువాత తీరం, తరువాత లోతు. నాకు తెలియకుండానే నేను కొన్ని మెట్లు దిగాను కాబోలు. ఎన్ని మిగిలి ఉన్నాయో లెక్కపెట్టుకోలేదు. లెక్కపెట్టే తీరిక కూడా లేదు. ఎందుకంటే మా సీమకు ఇప్పుడు కొత్తగా నీళ్ళు వచ్చాయి.

2025 ఆగస్టు నెలాఖరున శ్రీశైలం నుండి హంద్రీ-నీవా కాలువ మీదుగా కృష్ణానది నీరు కుప్పం చేరింది. పరమసముద్రం దగ్గర హారతి పట్టారు. సముద్రం వైపు పోవలసిన నదిని మెట్టు మెట్టుగా ఎత్తిపోస్తూ వందల కిలోమీటర్లు నడిపించి, పేరులో మాత్రమే సముద్రమున్న ఊరికి తెచ్చారు. దీనికోసం తరాలుగా ఎదురుచూసిన రైతుల ఆనందం నేను కళ్ళారా చూశాను. ఆ ఆనందంలో నాకూ భాగమున్నది. కానీ నీరు పారుతున్న కాలువ గట్టు మీద బడిపిల్లలు వరుసగా కూర్చుని కాళ్ళు ఊపుతూ ఉంటే నా అరచేతులు చెమర్చాయి. కాలువ ఒడ్డు వాలుగా, గట్టిగా, నున్నగా ఉంటుంది. పాచి పడితే పట్టు దొరకదు. నీరు పైకి మెల్లగా కనిపించినా లోపల లాగుతుంది. ఆ వరుసలో ఈత వచ్చినవారు ఎందరని అడిగితే, పద్నాలుగుమందిలో ఒక్క చేయి లేచింది. ఆ ఒక్కడూ తమిళనాడులో మేనమామ ఇంట్లో నేర్చుకున్నాడట.

2021 వానలకు మా బావిలోకి ఊట తిరిగి వచ్చింది. కంపచెట్లు కొట్టించి, పూడిక తీయించి, మెట్లు సరిచేయించాము. చిన్నాయనకు ఇప్పుడు ఎనభై దాటాయి. నీళ్ళలోకి దిగలేడు. కానుగ కింద నులకమంచం మీద కూర్చుని ఆజ్ఞలు జారీచేస్తాడు. ఆదివారాలు కుప్పం నుండి ఆరేడుగురు పిల్లలను వెంటబెట్టుకొని బస్సులో వస్తాను. తల్లిదండ్రుల అంగీకారం ముందుగా తీసుకుంటాను. సొరబుర్రలు దొరకడం లేదు, కాబట్టి మూత బిగించిన ఐదు లీటర్ల నూనె డబ్బాలు కడుతున్నాము. ఈతకంటె ముందు నేర్పేది వేరొకటి ఉన్నది. ఎవరైనా మునుగుతూ ఉంటే దూకకూడదు. కేక వేసి పెద్దలను పిలవాలి. తాడు, కర్ర, చీర, చున్నీ, ఖాళీ డబ్బా, చేతికి ఏది దొరికితే అది విసరాలి. గట్టున బోర్లా పడుకొని అందించాలి. దీనిని ప్రతి ఒక్కరి చేతా పదిసార్లు చేయిస్తాను. చిన్నాయన మంచం మీది నుండే తన కండువా విసిరి చూపిస్తాడు. గురి ఇప్పటికీ తప్పదు.

పిల్లలు నీటిలో ఉన్నంతసేపు నేనూ మెడ లోతులో ఉంటాను. గట్టున నిలబడి నేర్పే విద్య కాదది. వాళ్ళ మీదనే చూపు నిలిపినా, మధ్యలో ఒక్కసారి నా పాదాల వైపు కన్ను పోతుంది. మొన్న ఒక అమ్మాయి అది గమనించింది. డబ్బా పట్టుకొని తేలుతూ నా దగ్గరికి వచ్చి, "సార్, ఈ బాయిలో చేపలుండాయా?" అని మెల్లగా అడిగింది.

"ఉండాయమ్మా. వేలెడంత."

"కరుస్తాయా?"

"గిల్లినట్లుంటుంది" అన్నాను. ఆమె ఒక క్షణం ఆలోచించి, డబ్బాను ఇంకొంచెం గట్టిగా పట్టుకొని, కాళ్ళు ఆడించసాగింది.